పల్లవి అందుకునే వయసు

మూడు, నాలుగు తరగతుల పిల్లలకు సంగీతం నేర్పాలంటే కావలసినవన్నీ శాంతిపురం చుట్టుపక్కల ఊళ్ళలో ఉన్నాయి. అవి బడి గేటు దాకా వచ్చి ఆగిపోతున్నాయి.

జాతీయగీతం 52 సెకన్ల పాట. ఆ కాసేపట్లో పిల్లల గొంతులు ఎన్ని అవస్థలు పడతాయో, చిత్తూరు జిల్లా శాంతిపురం వైపు ఏ ప్రాథమిక పాఠశాల ప్రార్థనలో నిలబడి విన్నా తెలుస్తుంది. ఒక అమ్మాయి ముందుకొచ్చి, ఊపిరి పీల్చుకుని, తనకు తోచిన ఎత్తులో పాట ఎత్తుకుంటుంది. మొదటి రెండు పాదాలూ సాఫీగానే నడుస్తాయి. ప్రాంతాల పేర్లు వచ్చేచోట పాట పంచమం మీద నిలబడుతుంది. అక్కడికే వెనక వరసల్లో మెడనరాలు బిగుస్తాయి. చివర జయఘోష వరసగా మూడుసార్లు వస్తుంది కదా, అందులో మొదటిదే పై షడ్జం. అక్కడికొచ్చేసరికి సగంమంది అరుస్తారు, కొందరు ఉన్నపళంగా ఒక స్థాయి కిందికి దిగిపోతారు, మిగిలినవాళ్ళు పెదాలు మాత్రం కదుపుతారు. గీతం జరుగుతుండగా టీచర్లు కదలకుండా నిలబడి ఉండాలి కాబట్టి సరిదిద్దే వీలు లేదు. అయిపోగానే అందరూ క్లాసులకు వెళ్ళిపోతారు. రేపు మళ్ళీ ఇంతే.

ఇందులో ఎవరి తప్పూ లేదు. ఎత్తుకున్న శ్రుతి రెండు మెట్లు ఎక్కువైంది, అంతే. ఆ పాట కింది నిషాదం నుంచి పై షడ్జం దాకా, అంటే ఒక స్థాయికి కాస్త పైన నడుస్తుంది. ఎనిమిది నుంచి పదేళ్ళ పిల్లల గొంతు హాయిగా పలికే మేర కూడా దాదాపు అంతే. హార్మోనియం వాళ్ళ లెక్కలో ఒకటి, ఒకటిన్నర శ్రుతిలో ఎత్తుకుంటే మొదటి నుంచి చివరి దాకా ఒక్క పిల్లవాడు కూడా అరవక్కర్లేదు. మూడు మెట్లు పైకి పోతే పాట విరుగుతుంది, కిందికి పోతే మొదటి పాదంలోనే గొణుగుడు మొదలవుతుంది. సెల్‌ఫోన్‌లో ఉచితంగా దొరికే తంబూరా యాప్‌ని పది సెకన్లు వినిపించి, ఆ పాపను అందులోనే ఎత్తుకోమంటే చాలు. ఖర్చు లేదు, జీవో అక్కర్లేదు. ఇంత చిన్న పని మన బడుల్లో జరగడం లేదంటే, అది సంగీతానికి సంబంధించిన పని అని ఎవరికీ తట్టకపోవడమే కారణం.

1919లో మదనపల్లెలో

ఆ పాటకూ ఈ నేలకూ చుట్టరికం ఉంది. 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెస్ సభలో మొదటిసారి పాడిన ఆ గీతం, 1919 ఫిబ్రవరి చివర్లో రవీంద్రనాథ్ ఠాగూరు వెంట మదనపల్లె వచ్చింది. ఠాగూరు దిగింది అనీబిసెంట్ 1915లో పెట్టిన దివ్యజ్ఞాన కళాశాలలో. ఐర్లండు నుంచి వచ్చిన కవి జేమ్స్ కజిన్స్ అక్కడ ప్రిన్సిపాల్. ఆయన భార్య మార్గరెట్ కజిన్స్ డబ్లిన్‌లో సంగీతంలో పట్టా తీసుకుని వచ్చిన మనిషి. ఠాగూరు ఆ పాటను 'మార్నింగ్ సాంగ్ ఆఫ్ ఇండియా' పేరుతో ఇంగ్లిషులోకి మార్చింది అక్కడే. మార్గరెట్ దానికి స్వరాలు రాసి వరస స్థిరపరిచారు. ఈ సంగతులు మదనపల్లెలో ఎవరినడిగినా చెబుతారు.

నాకు ముఖ్యమనిపించేది వేరే. ఠాగూరు అక్కడ ఆ పాట పాడిన సాయంత్రం ఎలా జరిగిందో జేమ్స్ కజిన్స్ తర్వాత రాసుకున్నారు. అది కచేరీ కాదు. విద్యార్థులూ అధ్యాపకులూ కలిసి కూచుని పాటలు పాడుకునే మామూలు కూడిక. ఠాగూరు వచ్చి కూచున్నారు, తానూ ఒకటి పాడతానన్నారు. అంత పెద్ద మనిషి నుంచి అంత పలచని గొంతు వచ్చిందని కజిన్స్‌కు ఆశ్చర్యం. మొదటి చరణం చివర వచ్చిన జయఘోష విని పిల్లలు చెవులు నిక్కించారు. రెండో చరణం చివర అదే మళ్ళీ వచ్చేసరికి గొంతులు సవరించుకున్నారు. మళ్ళీ పాడమన్నారు, మళ్ళీ మళ్ళీ పాడమన్నారు. కాసేపటికి అందరూ అందుకుని ఎలుగెత్తి పాడుతున్నారు.

బెంగాలీ ముక్క రాని రాయలసీమ పిల్లలు వాళ్ళు. చేతిలో కాగితం లేదు. ముందు అర్థం చెప్పినవాళ్ళు లేరు. మళ్ళీ మళ్ళీ తిరిగొచ్చే ముక్కను చెవితో పట్టుకున్నారు, దాన్ని పట్టుకుని పాటలోకి వచ్చేశారు. పిల్లలకు పాట నేర్పే పద్ధతి ఇదొక్కటే అని అనను. మిగతా పద్ధతులన్నీ మాత్రం దీని తర్వాతే.

మన మూడో తరగతి గదిలో జరిగేది దీనికి తలకిందులు. తెలుగు వాచకంలో గేయం వస్తుంది. టీచరు చదువుతారు, పిల్లలు వెంట చదువుతారు. కఠిన పదాలకు అర్థాలు, ఖాళీలు పూరించడం, ఐదు ప్రశ్నలు. గేయం అయిపోయినట్టే. అందులో ఒక్క స్వరం పలికి ఉండదు. పాటని పాఠం చేసి చెప్పడంలో టీచర్ల తప్పేమీ లేదు. వాళ్ళ శిక్షణలో పాటకు కేటాయించిన గంటలెన్నో వాళ్ళనే అడగండి.

ఈ వయసే ఎందుకు

ఒకటి, రెండు తరగతుల పిల్లలు ఏ పాటైనా పాడతారు. సిగ్గుండదు, శ్రుతి కూడా పెద్దగా ఉండదు. ఆరు, ఏడు తరగతులకు సిగ్గు ముంచుకొస్తుంది. మగపిల్లల గొంతు మారడం మొదలవుతుంది. ఆడపిల్లలను 'గట్టిగా పాడొద్దు' అనే మాట ఇంట్లోంచే చుట్టుకుంటుంది. మధ్యలో మిగిలినవి మూడు, నాలుగు, ఐదు తరగతులు. అప్పటికి చెవి స్వరానికీ స్వరానికీ తేడా పట్టుకుంటుంది. చేయి, కాలు, నోరు ఒక లెక్కలో కలిసి నడుస్తాయి. చెప్పిన వరుస గుర్తుంటుంది. నలుగురి ముందు నోరు తెరవడానికి ఇంకా భయం పట్టుకోలేదు.

సంగీత విద్య మీద అమెరికాలో జీవితకాలం పనిచేసిన ఎడ్విన్ గోర్డన్ ఈ విషయంలో చాలా గట్టి మాట చెప్పారు. పిల్లలు పుట్టుకతో తెచ్చుకున్న సంగీత గ్రహణశక్తి సుమారు తొమ్మిదేళ్ళ దాకా చుట్టూ వినిపించేదాన్ని బట్టి పెరుగుతుంది లేదా తరుగుతుంది, ఆ తర్వాత దాదాపు అక్కడే స్థిరపడుతుంది అన్నది ఆయన సిద్ధాంతం. తొమ్మిదో పుట్టినరోజున తలుపు మూసుకుపోతుందని నేను నమ్మను. ముప్పయ్యేళ్ళకు భజన గుంపులో చేరి కమ్మగా పాడేవాళ్ళు మన ఊళ్ళలోనే ఉన్నారు. అయినా మూడో తరగతిలో నెలరోజుల్లో వచ్చేది తొమ్మిదో తరగతిలో ఏడాది కష్టపడినా రాదన్నది పిల్లలతో పాడించినవాళ్ళు ఎవరైనా ఒప్పుకునే మాట.

మరి ఈ వయసు పిల్లల కోసం చట్టం ఏం ఏర్పాటు చేసింది? 2009 విద్యాహక్కు చట్టం వెనక ఉన్న షెడ్యూలు తీసి చూడండి. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వందమందికి పైగా పిల్లలున్న బడికి కళలకు, వ్యాయామానికి, పని విద్యకు పార్ట్‌టైమ్ బోధకులు ఉండాలని రాసి ఉంది. ఒకటి నుంచి ఐదు దాకా ఆ ఊసే లేదు. అక్కడ ఉన్నదల్లా అరవైమంది దాకా ఇద్దరు టీచర్లు, ఆపైన ముగ్గురు, నలుగురు అన్న లెక్క. గొంతు పలికే వయసులో మనిషి లేడు, గొంతు మూసుకునే వయసులో పార్ట్‌టైమ్ మనిషి ఉండాలట. ఆ పార్ట్‌టైమ్ మనిషైనా ఎన్ని బడుల్లో ఉన్నాడన్నది వేరే కథ.

పైగా ఈ మూడు తరగతుల పిల్లలే మన రాష్ట్రంలో ఈ మధ్య ఎక్కువగా తిరిగారు. 2022లో జీవో 117 ప్రకారం చాలాచోట్ల మూడు, నాలుగు, ఐదు తరగతులను ఊరి బడి నుంచి తీసి కిలోమీటరు దూరంలోపు హైస్కూళ్ళలో కలిపారు. తర్వాత వచ్చిన ప్రభుత్వం ఆ జీవోను పక్కనపెట్టి మళ్ళీ కొత్త అమరిక తెచ్చింది. ఏ అమరిక మంచిదన్న చర్చలోకి నేను పోను. అంత చర్చలోనూ గదులు, దూరం, టీచర్ల సంఖ్య వినిపించాయి. ఎనిమిదేళ్ళ పిల్ల ఉదయం పూట ఎవరితో కలిసి, ఏ పాట పాడుతుందన్నది ఎక్కడా వినిపించలేదు.

బడి బయట ఉన్న బడి

కుప్పం నుంచి పలమనేరు పోయే దారిలో ఉంటుంది శాంతిపురం. ఒకపక్క కర్ణాటక, ఇంకోపక్క తమిళనాడు. మల్బరీ తోటలు, టమోటా, రాగి. పొద్దున్నే పాలకేంద్రం దగ్గర మూడు భాషలూ వినబడతాయి. ఇక్కడి పిల్లవాడు బడిలో తెలుగు, పెళ్ళిలో తమిళ పాట, కోలారు వైపు చుట్టాలింట్లో కన్నడ పాట వింటూ పెరుగుతాడు. వాడి చెవికి ఉన్న సంపద నగరంలో కీబోర్డు క్లాసుకు పోయే పిల్లవాడికి లేదు.

ఎండాకాలంలో చిత్తూరు జిల్లా పడమటి పల్లెల్లో భారతం ఆడిస్తారు. పద్దెనిమిది రోజులు. మధ్యాహ్నం హరికథ, రాత్రి వీధి నాటకం. అర్జున తపస్సు రోజున వేషధారి తపస్సు మాను ఎక్కుతూ ఒక్కో మెట్టుకు ఒక్కో పద్యం పాడతాడు. కింద హార్మోనియం, మద్దెల, తాళాలు. పైనుంచి ఆయన విసిరే నిమ్మకాయల కోసం జనం కొంగులు పట్టుకుని నిలబడతారు. ఆ గుంపు ముందు వరసలో కింద కూచునేది ఎనిమిది, తొమ్మిదేళ్ళ పిల్లలే. దుర్యోధన వధ నాటికి ఆ పిల్లల్లో కొందరికి సగం పద్యాలు రాగంతో సహా నోటికి వచ్చేసి ఉంటాయి. జూన్‌లో బడి తెరుస్తారు. వాళ్ళకు వచ్చిన పద్యం గురించి ఎవరూ అడగరు. అడిగితే కదా తెలిసేది.

ఇక పండరి భజన, చెక్కభజన, కోలాటం. కుప్పం గంగమ్మ జాతరకు పంబ, పలకలు. భజన గురువు పాదం పాడతాడు, గుంపు అందుకుంటుంది. అడుగు తప్పినవాణ్ణి గురువు తిట్టడు, వాడి పక్కన వచ్చినవాణ్ణి నిలబెడతాడు. నాలుగు రోజుల్లో అడుగు కుదురుతుంది. శిక్షణ కళాశాలల్లో 'సహచర అభ్యసనం' అని పెద్ద అక్షరాలతో రాయించేది ఇదే.

పుంగనూరునే చూడండి. కర్ణాటక సంగీతంలో మహా విద్వాంసుడిగా 1954లో సంగీత కళానిధి అందుకున్న చిత్తూరు సుబ్రహ్మణ్య పిళ్ళై పుట్టింది అక్కడే, 1898లో, హరికథలు చెప్పే ఇంట్లో. కాంచీపురం నాయనా పిళ్ళై దగ్గర శిష్యరికం తర్వాత జరిగింది. లయ మీద ఆయనకున్న పట్టు గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ పట్టుకు పునాది గురువు దగ్గరికి వెళ్ళాకే పడిందంటే నేను నమ్మలేను. హరికథలో చిడతలు, గజ్జెలు, నడక కలిసి నడుస్తాయి. ఆ ఇంట్లో పెరిగే పిల్లవాడికి తాళం ముందు కాళ్ళకు వస్తుంది, లెక్క తర్వాత తెలుస్తుంది.

కోలలతో ఒక పూట

మూడు, నాలుగు తరగతులు ఒకే గదిలో కూచునే బడి అనుకుందాం. మన దగ్గర చాలా బడులు అంతే. టీచరుకు సంగీతం రాదు. ఇరవై నాలుగు మంది పిల్లలు. ఒక పూటలో ఏం చేయొచ్చు?

మొదట కోలలు వద్దు. అందరూ వరండాలో గుండ్రంగా కూచుంటారు. తొడ మీద చేత్తో ఎనిమిది లెక్క. ఒక దెబ్బ, మూడు వేళ్ళు. తర్వాత దెబ్బ, విసురు. మళ్ళీ దెబ్బ, విసురు. దీని పేరు ఆదితాళం అని ఆ రోజే చెప్పక్కర్లేదు. టీచరు లెక్క పైకి చెబుతూ మొదలుపెట్టి, మెల్లగా గొంతు తగ్గించి, పూర్తిగా ఆపేస్తారు. పిల్లల చేతులు నడుస్తూనే ఉండాలి. మూడో ఆవృతానికి నలుగురైదుగురు ముందుకు పరుగెడతారు. ఈ వయసు పిల్లలు తాళం తప్పడమంటే ఎక్కువగా తొందరపడటమే. 'నిదానం' అని అరిస్తే లాభం లేదు. పక్కనున్నవాడి చేయి చూస్తూ వేయమంటే తొందర దానంతటదే తగ్గుతుంది.

తర్వాత నిలబెట్టి నడిపించాలి. అదే లెక్క, ఇప్పుడు పాదాలతో. ఆ తర్వాత కోలలు. వెదురు ముక్కలైనా చాలు, మూరెడు పొడవు, రెండు కొసలూ నున్నగా చేసి ఇవ్వాలి. పిల్లల్ని రెండేసి మందిగా జతచేయాలి. కోలాటం వాళ్ళ మాటలో ఒకరికొకరు ఉద్ది. మొదటి లెక్కకు తన కోలలు తనే తగిలించుకోవడం, రెండో లెక్కకు ఉద్ది కోలకు తగిలించడం. ఇదే మొదటి కోపు. ఇరవై నాలుగు మంది ఒక్కసారిగా తగిలించినప్పుడు ఒకే చప్పుడు రావాలి. ముందు చిటపటమని పది చప్పుళ్ళు వస్తాయి. పిల్లలకే నచ్చదు. టీచరు ఏం చెప్పనక్కర్లేదు, 'మళ్ళీ చేద్దాం సార్' అని వాళ్ళే అంటారు. ఒకే చప్పుడు వచ్చిన క్షణాన వాళ్ళ ముఖాలు చూడాలి.

అప్పుడు పాట. ఊళ్ళో కోలాటానికి పాడేదే ఏదైనా. పల్లవి మాత్రం నేర్పాలి, చరణాలు టీచరుగానీ, బాగా వచ్చిన ఇద్దరు పిల్లలుగానీ పాడాలి. మదనపల్లెలో జరిగినట్టే. పల్లవి తిరిగొచ్చినప్పుడల్లా అందరూ అందుకుంటారు. రెండు పూటలయ్యాక చరణాలు అడక్కుండానే వచ్చేస్తాయి.

ఇందులో అసలు కిటుకు చివర్లో ఉంది. పాట మధ్యలో టీచరు చేయి దించుతారు. నోళ్ళు ఆగాలి, కోలలు ఆగకూడదు. పాట లోపల నడుస్తూ ఉండాలి. ఎనిమిదో పదహారో లెక్కల తర్వాత టీచరు చేయి ఎత్తగానే, పాట ఈపాటికి ఎక్కడికి వచ్చి ఉండాలో సరిగ్గా అక్కడ అందరూ అందుకోవాలి. మొదటిసారి గందరగోళమే. వారం తిరిగేసరికి కుదురుతుంది. బయట వినపడని పాటను లోపల విని నిలబెట్టుకోవడం సంగీతంలో అన్నిటికన్నా పెద్ద విద్య. హంగరీలో జోల్తాన్ కొడాయ్ బడి పిల్లలకు ముందుగా నేర్పాలన్నది దీన్నే. 1950లో కెచ్‌కెమేత్ పట్టణంలో ఆయన పద్ధతిలో రోజూ పాడించే ప్రాథమిక పాఠశాల మొదలైంది. పిల్లల మొదటి సంగీతం వాళ్ళ ఊరి జానపదమే కావాలని, వాయిద్యం కన్నా ముందు గొంతు రావాలని ఆయన పట్టుబట్టారు. భారతం ఆడే మిట్ట పక్కనున్న బడికి ఇంతకన్నా తగిన సలహా ఏముంది!

'నాకు పాట రాదు సార్' అనే పిల్లవాడు ప్రతి క్లాసులో ఉంటాడు. ఒకటే స్వరం మీద మాట్లాడినట్టు పాడతాడు. సాధారణంగా వాణ్ణి వెనక్కి నిలబెట్టి, నోరు ఊరికే కదపమంటారు. ఎనిమిదేళ్ళవాడికి ఇంతకన్నా పెద్ద శిక్ష లేదు. వాడు జీవితాంతం పాడడు. అలాంటివాణ్ణి బయటికి తీసుకెళ్ళి, చేనికి అవతలి గట్టున ఉన్న అన్నను ఎలా పిలుస్తావో పిలవమనండి. 'ఓ...య్' అని సాగదీసి పిలుస్తాడు. ఆ పిలుపులో స్వరం పైకి లేస్తుంది, గొంతు తెరుచుకుంటుంది. మాట్లాడే గొంతు వేరు, పిలిచే గొంతు వేరు. పాటకు కావలసింది ఆ రెండోది. అక్కడే పట్టుకుని, 'అదే ఇంకొంచెం పొడుగ్గా' అని, వాడు పలికిన శ్రుతిలోనే టీచరు పల్లవి మొదటి ముక్క పాడాలి. పిల్లవాడి శ్రుతికి ముందు మనం పోతే, తర్వాత మన శ్రుతికి వాడు వస్తాడు. మగ టీచర్లకు ఇంకొక్క మాట. మీ గొంతు పిల్లలకు ఒక స్థాయి కింద ఉంటుంది. దాన్ని అనుకరించబోయి కొందరు పిల్లలు గొంతు లోపలికి నొక్కుకుంటారు. అందుకని పాట ఎత్తుకునే పని శ్రుతి కుదిరిన పిల్లకో పిల్లవాడికో అప్పగించి, మీరు తాళం పట్టుకోండి.

సరళీ స్వరాలు ఎప్పుడు?

శాస్త్రీయ సంగీతం నేర్పాలా వద్దా అని అడుగుతారు. నేర్పాలి. అయితే దాని వరుస వేరు. సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు, గీతాలు అన్న క్రమాన్ని పురందరదాసు ఏర్పరిచారని సంప్రదాయం చెబుతుంది. అది గురువు ఎదుట రోజూ కూచునే శిష్యుడి కోసం పుట్టిన క్రమం. వారానికి ఒక పీరియడు ఉండే గదిలో ముప్పైమందితో మాయామాళవగౌళ ఆరోహణ ఏడాది పొడుగునా చేయిస్తే మిగిలేది విసుగే. పది పాటలు నోటికి వచ్చాక, ఆ పాటల్లోంచే 'ఈ ముక్క ఎక్కడికి ఎక్కింది, ఎక్కడికి దిగింది' అని అడుగుతూ స్వరాలకు పేర్లు పెడితే, పిల్లలకు అది తమకు ముందే తెలిసిన విషయానికి పేరు తెలియడంలా ఉంటుంది. నాలుగో తరగతి చివర్లో మొదలుపెట్టినా నష్టం లేదు.

ఇంకొక అభ్యంతరం కూడా వింటాం. ఇద్దరు టీచర్లు ఐదు తరగతులు నడిపేచోట పాటకు తీరికేదని. దానికి జవాబు కూడా మదనపల్లె వైపే దొరికింది. రిషివ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రం చుట్టుపక్కల పల్లెల్లో నడిపిన చిన్న బడుల్లో అన్ని తరగతులూ ఒకే గదిలో, ఒకే టీచరు. అక్కడ తయారైన అభ్యసన నిచ్చెన, కార్డుల పద్ధతిలో పాట, కథ, తోలుబొమ్మ చదువులో భాగాలు. వాటికోసం వేరే పీరియడు కేటాయించలేదు. 1995లో మైసూరు జిల్లా హెచ్.డి. కోటె టీచర్లు వచ్చి చూసి వెళ్ళారు. దాన్నుంచే కర్ణాటకలో 'నలి కలి' పుట్టింది. తర్వాత తమిళనాడు కూడా ఈ దారిలోనే తన పద్ధతిని తయారుచేసుకుంది. శాంతిపురానికి రెండు వైపులా ఉన్న రెండు రాష్ట్రాలూ మదనపల్లె పక్కనుంచి నేర్చుకున్నాయి. మనం మన పక్కింటి నుంచి నేర్చుకోవడానికి ఎందుకు ఇంత ఆలస్యం?

వార్షికోత్సవాల గురించి చెప్పకపోతే ఈ కథనం పూర్తి కాదు. నెలరోజులు పిల్లల్ని క్లాసులు మాన్పించి సినిమా పాటకు స్టెప్పులు నేర్పిస్తారు. అద్దె బట్టలు. ఆ రోజు పెద్ద స్పీకర్లు. పాట పాడేది రికార్డు, పిల్లలు కాదు. మూడు గంటల పాటు ఒక్క పిల్లవాడి గొంతు కూడా వినిపించని సంగీత కార్యక్రమాలు ఎన్నో చూశాను. సినిమా పాట మీద నాకు కోపం లేదు, అందులో గొప్ప వరసలున్నాయి, పిల్లలకు ఇష్టం కూడా. అదే పాటను రికార్డు లేకుండా పిల్లల చేత పాడించండి, ఇంకో ఇద్దరి చేత డెస్కు మీద తాళం వేయించండి. అప్పుడది వాళ్ళ పాట అవుతుంది.

పలక వాయించే సారు

ఇప్పుడు కాస్త ఇబ్బందిగా ఉండే సంగతి. శాంతిపురం లాంటి చోట లయ అందరికన్నా బాగా తెలిసిన మనిషి ఎవరంటే, పలక వాయించే మనిషి. చలికాలం పొద్దున గడ్డిమంట మీద పలక కాచుకుని, వేలితో తట్టి చూసి, బిగువు కుదిరాక ఎత్తుకుంటాడు. చావుకొక దెబ్బ, పెళ్ళికొక దెబ్బ, అమ్మవారి ఊరేగింపుకు వేరే దెబ్బ. నలుగురు వాయిస్తుంటే ఒకరు విడిచిన ఖాళీలో ఇంకొకరు పడతారు. దాన్ని కాగితం మీద రాయబోతే సంగీత కళాశాల విద్యార్థికి చెమట పడుతుంది. అంత విద్య ఉన్నవాణ్ణి ఊళ్ళో పదేళ్ళ పిల్లవాడు కూడా పేరుపెట్టి ఏకవచనంలో పిలుస్తాడు. పని పడ్డప్పుడు పిలుస్తారు, అయిపోయాక దూరంగా నిలబెడతారు. ఆయన కొడుకో మనవరాలో అదే బడిలో మూడో తరగతి చదువుతూ, తమ ఇంట్లో పలక ఉందని చెప్పుకోవడానికి బిడియపడుతుంటుంది.

ఆయన బడిలోకి రావాలి. స్వాతంత్ర్య దినోత్సవం ఊరేగింపు ముందు వాయించడానికి కాదు, టీచరు కుర్చీలో కూచుని నేర్పడానికి. పిల్లలు 'సార్' అని పిలవాలి. హెడ్మాస్టరు 'రండి' అనాలి. పలక చర్మవాద్యం కాబట్టి ముట్టుకోం అనే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. మృదంగమూ చర్మవాద్యమే, గుళ్ళో మోగుతుంది. ఆ మాట పిల్లలకు ఎనిమిదేళ్ళప్పుడే చెప్పాలి. ఆ ఇంటి పాప తన తాత దగ్గర నేర్చుకున్న దెబ్బను మిగతా పిల్లలకు నేర్పే రోజు వస్తే, లయ ఎంత వచ్చిందన్నది రెండో సంగతి.

ఇదంతా ఎప్పుడు చేయాలన్న ప్రశ్నకు ఇప్పుడు సమాధానం సులువు. 2025-26 నుంచి రాష్ట్రంలో ప్రతి శనివారం నో బ్యాగ్ డే. పుస్తకాల సంచీ లేకుండా పిల్లలు వస్తున్నారు. చాలాచోట్ల ఆ రోజు బొమ్మలు వేయించి, ఆటలాడించి పంపిస్తున్నారు. అందులో ఒక పూట పాటకు ఇస్తే ఏడాదికి ముప్పై పూటలకు పైగానే దొరుకుతాయి. కుప్పంలో 1997లో మొదలైన ద్రావిడ విశ్వవిద్యాలయం ఉంది, అక్కడ జానపద విజ్ఞానం చదువుతున్న విద్యార్థులున్నారు. ఊరూరా తిరిగి పాటలు సేకరించే ఆ పిల్లలు, సేకరించిన పాటలు తీసుకుని శనివారం ఏదో ఒక ప్రాథమిక పాఠశాలకు వెళ్ళొచ్చు. తెలుగు, తమిళ, కన్నడ పాటలు కలిపి కుప్పం, శాంతిపురం, రామకుప్పం, గుడుపల్లె మండలాల పిల్లల కోసం నలభై పాటల చిన్న పుస్తకం, దానితోపాటు పిల్లల గొంతుకు తగిన శ్రుతిలో పాడిన ఆడియో తయారుచేస్తే, టీచర్ల ఫోన్లలోకి ఒక్క రోజులో చేరుతుంది.

ఊరి కళాకారుడికి డబ్బివ్వాలి. ఇది మొహమాటం లేకుండా చెప్పాల్సిన మాట. శనివారం బడికి వస్తే ఆయనకు ఆ పూట కూలి పోతుంది. 'సేవగా వచ్చి నేర్పండి' అని అడిగే హక్కు జీతం తీసుకునే మనకు లేదు. భజన గురువుకు, కోలాటం నేర్పేవాళ్ళకు, పలక వాయించేవాళ్ళకు పూటకింత అని గౌరవ వేతనం మండల స్థాయిలో నిర్ణయించి, నెలాఖరుకు ఖాతాలో పడేటట్టు చూడాలి. టమోటా కోతల కాలంలో కూలి పెరుగుతుంది కాబట్టి ఆ నెలల్లో ఇది కూడా పెరగాలి. కాగితాల మీద ఆయన పేరు పక్కన 'సంగీత బోధకుడు' అని రాయాలి. పదిహేను రోజుల ముందే కబురు పెట్టాలి, ఎందుకంటే జాతర్ల రోజుల్లో ఆయన దొరకడు.